నూట అరువది ఎకరముల రైతు



బంజరు భూమికి దరఖాస్తు పెట్టి పట్టా సంపాదించిన రైతుల కథలు మీకందరకు తెలిసినవే. రాళ్లేరి, తుప్పలు కొట్టి, ఆ నేలను నాగలికి లొంగదీయునప్పటికి ఒక తరము గడచిపోవును. నేనీ దినము చెప్పబూనినది అట్టి కథయే గాని, అది జరిగినది అమెరికా దేశమున. ముప్పదియైదేండ్లు బడిపిల్లలచేత రాజుల పేరులును, యుద్ధముల తేదీలును వల్లె వేయించితిని గాని, ఒక్క రైతు బ్రదుకును మొదటినుండి తుదివరకు చెప్పిన పాపమున పోలేదు. ఆ లోపము కొంత తీర్చుకొనుటకే ఈ ప్రసంగము.

1862వ సంవత్సరము మే నెల 20వ తేదిని అబ్రహాం లింకను హోమ్‌స్టెడ్ చట్టముపై సంతకము చేసెను. ఇరువదియొక్క యేండ్లు నిండినవారు గాని, కుటుంబమునకు పెద్దయైనవారు గాని 160 ఎకరముల సర్కారు భూమిని కోరుకొనవచ్చును. అయిదేండ్లు ఆ భూమిమీదనే కాపురముండి, ఇల్లు కట్టి, సేద్యము చేసి, ఇద్దరు సాక్షులచే ఆ మాట పలికించినచో పట్టా ఇత్తురు. రుసుములన్నియు కలిపి 18 డాలర్లు. ఈ విధముగా సుమారు 16 లక్షల పట్టాలు, 27 కోట్ల ఎకరములు పంచిపెట్టబడెను. జనులు దీనిని ఉచిత భూమి యనిరి. ఉచితమో కాదో ఒక కుటుంబము కథలో చూతము.

ఆ రైతు పేరు చార్లెస్ ఇంగాల్స్. ఆయన 1836లో న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. సేద్యముతోపాటు వడ్రంగము నెరిగినవాడు. ఫిడేలు చక్కగా వాయించువాడు. 1860లో కెరొలైన్ అను బడిపంతులమ్మను వివాహమాడెను. వీరికి మేరీ, లారా, క్యారీ, గ్రేస్ అను నలుగురు కూతుండ్రు, ఒక కుమారుడు కలిగిరి. రెండవ కుమార్తెయగు లారా తన అరువదియైదవ యేట, 1932లో, తన బాల్యమును కథగా వ్రాసి ప్రకటింప మొదలిడుటచేతనే ఈ కుటుంబము లోకమునకు తెలిసినది.

మన శాస్త్రకారులు సేద్యమునకు ఆరు ఈతిబాధలు చెప్పిరి. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడుతలు, చిలుకలు, సమీపమున నున్న రాజులు. ఇంగాల్స్ కథ చదువుచున్నప్పుడు ఈ పట్టిక నాకు మాటిమాటికి స్ఫురించినది. 1869లో ఆయన భార్యాపిల్లలను బండి నెక్కించుకొని కాన్సాసు చేరి, ఒక గుడిసె వేసికొనెను. ఆ నేల సర్కారుది కాదు, ఓసేజులను ఆదివాసులది. అప్పటికింకను వారు దానిని విడువలేదు. 1870లో చేయబడిన చట్టము ననుసరించి వారు ఆ భూమి నమ్ముకొని దక్షిణమునకు, నేటి ఓక్లహామా ప్రాంతమునకు, తరలవలసివచ్చెను. ఇంగాల్స్ కుటుంబము 1871లో వెనుకకు మరలెను గాని, వారివంటివారు వేలకొలది అక్కడ నిలిచిరి. ఓసేజుల పక్షమున నిలిచి చూచినచో ఆ ఆరవ బాధ ఎవరో వేరుగ చెప్పనక్కరలేదు. లారాను నేను మెచ్చుకొందును గాని, ఆమె గ్రంథములలో ఈ భాగమును చదువునపుడు నా మనస్సు అంగీకరింపదు.

1874లో వారు మిన్నెసోటా రాష్ట్రమున ప్లం క్రీకు అను వాగు చెంత నిలిచిరి. తొలుత కాపురమున్నది వాగు గట్టును త్రవ్వి చేసిన మంటి యింట. గోధుమ పైరు ఏపుగా పెరుగుచుండగా మిడుతల దండు దిగెను. 1873 మొదలు 1877 వరకు ఆ దేశమునకు ఈ పీడ తప్పలేదు. 1875లో ఎగిరిన ఒక దండు 1,98,000 చదరపు మైళ్ల మేర నుండెనని ఆనాడు లెక్క కట్టిరి. అనగా మన రెండు తెలుగు రాష్ట్రముల విస్తీర్ణమునకు ఇంచుమించు రెట్టింపు. పైరు పోవుటతో తీరలేదు. అవి నేలలో గ్రుడ్లు పెట్టిపోవును, మరుసటి యేట ఆ పిల్లలు లేచి మొలకలను తినును. ఇంగాల్స్ కాలినడకను తూర్పునకు పోయి, పరుల చేలలో కోతకూలి చేసి, డబ్బు తెచ్చి పిల్లలను పోషించెను. 1875 చలికాలమున సర్కారువారు పంచిన పిండికొరకు, తాను కేవలము నిర్గతికుడనని ప్రమాణ పత్రముపై సంతకము చేసెను. రెండు అరపీపాల పిండి దొరకినది. పదిమందికి పెట్టిన చేతితో ఆ సంతకము చేయుట యెట్టిదో మీలో కరవు చూచిన కుటుంబములవారికి తెలియును. ఈ సంగతి లారా తన కథలలో వ్రాయలేదు.

ఆమె వ్రాయనివి మరికొన్ని గలవు. తొమ్మిది నెలల మగశిశువు 1876 ఆగష్టులో మరణించెను. ఆ పిమ్మట అయోవా రాష్ట్రమున బర్ ఓక్ అను నూర ఒక పూటకూటి యింట కుటుంబమంతయు పని చేసెను. అక్కడి బాకీ తీర్పలేక ఒకనాటి రాత్రి చెప్పకయే బండి కట్టిరి. 1879లో పెద్దకూతురు మేరీ పదునాలుగేండ్ల ప్రాయమున జ్వరమునబడి రెండు కన్నులును పోగొట్టుకొనెను. మెదడుకు, దాని పొరలకు సోకిన వ్యాధియే కారణమని ఇటీవలి వైద్యులు తలచుచున్నారు.

ఆ సంవత్సరమే రైలుమార్గపు పనిలో లెక్కలు వ్రాయు కొలువు దొరకి, ఇంగాల్స్ డకోటా చేరెను. 1880లో డి స్మెట్ అను క్రొత్త యూరి చెంత, తుదకు ఆ చట్టము క్రింద 160 ఎకరములకు దరఖాస్తు వ్రాసెను. ఆ యేటి అక్టోబరులోనే మంచు తుపానులు మొదలైనవి. జనవరి మొదలు మే వరకు రైలు రాలేదు. బొగ్గు లేదు, కట్టెలు లేవు, పిండి లేదు. మనవారు గడ్డివెంటి పేనునట్లు ఎండుగడ్డిని మెలిపెట్టి పొయ్యిలో పెట్టిరి. విత్తనపు గోధుమలను కాఫీగింజలు విసరు చిన్న మరలో వేసి, ఇంటిల్లిపాదియు వంతులవారీగా త్రిప్పిరి. ఇద్దరు యువకులు మంచులో పడిపోయి ఎచ్చటనో గోధుమలు సంపాదించి తెచ్చుటచే ఊరు బ్రదికెను. వారిలో అల్మాంజో వైల్డరు అనునతడు తరువాత లారాకు భర్త యయ్యెను. గడ్డి మెలిపెట్టి మెలిపెట్టి తండ్రి వ్రేళ్లు బిగిసిపోయినవనియు, ఆ చలికాలమున ఫిడేలు పలుకలేదనియు లారా వ్రాసెను.

1881లో మేరీని అయోవాలోని అంధుల కళాశాలకు పంపిరి. చదువు రుసుము డకోటా ప్రభుత్వము భరించినను, బట్టలకు, ప్రయాణమునకు ఇంటివారే చూచుకొనవలెను. లారా పట్టణమున చొక్కాలు కుట్టెను. పదునారు, పదునేడేండ్ల ప్రాయమున పల్లెబడులలో పాఠములు చెప్పెను. ఆ జీతము ఇంటికి చేరెను. నా బాల్యమున మా తండ్రిగారు మూడెకరముల బంజరుకు పట్టా పొందినప్పుడు, ఎడ్లజత కొన్నది మా అమ్మగారి బంగారు కడియములు విక్రయించి. పట్టాలో ఆమె పేరు లేదు. చార్లెస్ ఇంగాల్స్ పట్టా 1886లో వచ్చినది. దానిలోనున్నదియు ఒక్క పేరే.

పట్టా చేతికి వచ్చిన మరుసటి యేటనే ఆయన డి స్మెట్‌లో ఒక ఇల్లు కట్టుకొనెను. 1892లో భూమి నమ్మివేసెను. వరుస యనావృష్టులలో 160 ఎకరములును ఆ కుటుంబమును పోషింపజాలకపోయెను. పిమ్మట వడ్రంగము, చిన్న దుకాణము ఆయన జీవనాధారములు. 1902 జూన్ 8వ తేదిని ఆయన మరణించెను. విచిత్రమేమనగా, ఆయన పైరు తిన్న ఆ జాతి మిడుత ప్రాణముతో కడసారి పట్టుబడినదియు ఆ 1902లోనే; అటుపిమ్మట అది భూమిమీద లేదు.

కెరొలైన్, మేరీ ఆ యింటనే యుండిరి. మేరీ 1889లో చదువు ముగించి వచ్చి, చూపు లేకున్నను, గుర్రములకు ఈగలు మూగకుండ కప్పు వలలు అల్లుచుండెను. తండ్రి పోయిన పిమ్మట వాని నమ్మగా వచ్చిన డబ్బు ఇంటి ఖర్చులకు ఆసరా యయ్యెను.