మూత్రపిండాన్ని నిర్మించే నియంత్రక జన్యువులు: ఒక చారిత్రక పరిశీలన

మానవ పిండంలో అయిదో వారం ప్రాంతంలో శాశ్వత మూత్రపిండం ఏర్పడటం మొదలవుతుంది. మూత్రనాళ మొగ్గ అనే చిన్న గొట్టం పక్కనున్న మధ్యకణజాలంలోకి చొచ్చుకుపోయి కొమ్మలు వేస్తుంది. గోదావరి డెల్టాలో పెద్ద కాలువ నుంచి చిన్న కాలువలు, వాటి నుంచి బోదెలు చీలినట్టే ఇది. (మెట్టలో ఉన్న నల్లజర్ల విద్యార్థులకు కాలువల కంటే బోర్లే ఎక్కువ పరిచయం. తాడేపల్లిగూడెం దాటి దిగువకు వెళితే ఈ పోలిక అర్థమవుతుంది.) కొమ్మల చివర్ల దగ్గర నెఫ్రాన్లు తయారవుతాయి. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో చూసే లస్కరు నీటిని పుట్టించడు. నియంత్రక జన్యువులూ అంతే. ఇతర జన్యువులు ఎప్పుడు పనిచేయాలో, ఎప్పుడు ఆగాలో అవి నిర్ణయిస్తాయి.

ఈ రెండు కణజాలాలు ఒకదానితో ఒకటి 'మాట్లాడుకుంటాయి' అని 1950లలో క్లిఫర్డ్ గ్రోబ్‌స్టీన్ ఎలుక పిండాలపై చేసిన ప్రయోగాలు చూపాయి. విడదీస్తే ఎదుగుదల ఆగింది, దగ్గర చేరిస్తే నాళికలు ఏర్పడ్డాయి. ఆ సంకేతాల పేర్లు తెలియడానికి మరో నలభై ఏళ్ళు పట్టింది.

అయితే మొదటి ముఖ్యమైన ఆధారం పిండశాస్త్రం నుంచి కాక, వ్యాధి నుంచి వచ్చింది. 1899లో జర్మన్ శస్త్రవైద్యుడు మాక్స్ విల్మ్స్ చిన్నపిల్లల మూత్రపిండ కణితులను వివరంగా వర్ణించాడు. ఆ కణితి ఎదగడం ఆపని పిండ కణజాలంలా కనిపిస్తుంది. దీని చికిత్స చరిత్రలో మన ప్రాంతపు పేరు ఒకటి పరోక్షంగా వస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల తయారుచేసిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్తక్యాన్సర్‌లో తాత్కాలిక ఉపశమనం సాధించాడు. మందులతో పిల్లల క్యాన్సర్‌ను ఎదుర్కోవచ్చన్న నమ్మకంతో అదే ఫార్బర్ 1950లలో ఆక్టినోమైసిన్-డిని విల్మ్స్ కణితిపై ప్రయోగించాడు.

1964లో మరో సంగతి బయటపడింది. కంటిపాప చుట్టూ ఉండే రంగుపొర లేకుండా పుట్టిన పిల్లల్లో ఈ కణితి ఎక్కువగా కనిపిస్తోంది. తర్వాత అలాంటి పిల్లల్లో 11వ క్రోమోజోమ్ పొట్టి భుజంలో కొంత ముక్క లోపించిందని తేలింది. ఆ దారినే వెతికి 1990లో రెండు బృందాలు డబ్ల్యుటి1 జన్యువును పట్టుకున్నాయి. 1993లో ఈ జన్యువు పూర్తిగా లేని ఎలుక పిండాల్లో మూత్రపిండాలే ఏర్పడలేదు. అంటే మొదట్లోనే లేకపోతే అవయవం లేదు; ఎదుగుదల మధ్యలో పోతే కణితి. మరి పుట్టిన తర్వాత? వడపోత కణాల్లో ఇది జీవితాంతం పనిచేస్తూనే ఉంటుంది. అందుకే దీనిలో ఉత్పరివర్తనం ఉన్న డెనిస్-డ్రాష్ పిల్లల్లో మూత్రంలోకి ప్రోటీన్ పోయి మూత్రపిండాలు విఫలమవుతాయి. 1995లో పాక్స్2 లోపం చిన్న మూత్రపిండాలకూ కంటి లోపాలకూ కారణమని తేలింది.

ఈ పాఠం చదివాక విద్యార్థులు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వ్యాధి కూడా జన్యువుల వల్లేనా? తొందరపడి అవునని రాయకండి. ఒక్క జన్యువు లోపం వంశాన్ని అనుసరిస్తుంది, తరచు బాల్యంలోనే బయటపడుతుంది. ఉద్దానంలో మాత్రం కవిటి, సోంపేట, కంచిలి వంటి మండలాల్లో పొలం పని చేసే పెద్దవాళ్ళే ఎక్కువగా జబ్బుపడుతున్నారు. శ్రీలంక వరి ప్రాంతాల్లో, మధ్య అమెరికా చెరకు కూలీల్లో కూడా ఇలాంటి వ్యాధే ఉంది. నీరు, పురుగుమందులు, ఎండలో శ్రమ, నొప్పి మాత్రలు, వంశపారంపర్య బలహీనత అన్నిటినీ పరిశీలించారు. ఏ ఒక్కటీ రుజువు కాలేదు. ఊరికి ఊరినే 'జన్యులోపం' అంటే అక్కడి ఆడపిల్లల సంబంధాలు చెడతాయి తప్ప ఒక్క రోగికీ మేలు జరగదు.

అయినా పిండదశకు ఇక్కడ చోటు లేకపోలేదు. గర్భంలో సుమారు 36 వారాలకు నెఫ్రాన్ల తయారీ ఆగిపోతుంది, ఆ తర్వాత కొత్తవి రావు. తక్కువ నెఫ్రాన్లతో పుట్టినవారికి రక్తపోటు, మూత్రపిండ వ్యాధి ముప్పు ఎక్కువని 1988లో బ్రెన్నర్ బృందం ప్రతిపాదించింది. తల్లికి తిండి చాలక బిడ్డ తక్కువ బరువుతో పుడితే, జన్యువులు సవ్యంగా ఉన్నా నెఫ్రాన్లు తగ్గవచ్చు.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అలాంటి చోటికి మూత్రంలో ప్రోటీన్ పోతున్న పసిబిడ్డ వస్తే డబ్ల్యుటి1 పరీక్ష గురించి ఆలోచించాలి. నలభై ఏళ్ళ జీడితోట కూలీ వస్తే మాత్రం ముందు అడగాల్సింది తాగే నీళ్ళు, వేసుకునే మాత్రలు, ఎండలో గడిపే గంటల గురించి, ఆ తర్వాత పుట్టినప్పటి బరువు గురించి.