వేడికి ముడుచుకొనే జెల్

బందరు హల్వా ఎరుగని ఆంధ్రులు అరుదు. పొయ్యిమీద జారుగా ఉండే గోధుమపాల పాకం చల్లారితే గట్టిపడుతుంది. గోధుమపాలలోని పిండిపదార్థపు అణువులు పొడవైన గొలుసులు. చల్లారేకొద్దీ అవి వలవలె అల్లుకొని నీటిని నిలుపుకుంటాయి. ఇట్టి పదార్థమే జెల్. వేడికి వదులై చల్లదనానికి బిగియడం ఇటువంటి జెల్‌ల స్వభావం. దీనికి విరుద్ధంగా నడిచే జెల్ ఒకటి ఉన్నది. దాని చరిత్ర వినదగినది.

శరీరంలో వాడదగిన, నీటిని పీల్చే జెల్‌లను 1960లో చెకొస్లొవాకియా శాస్త్రజ్ఞులు విఖ్టెర్లె, లిమ్ ప్రకటించారు. మెత్తని కంటి కటకాలు వాటినుండే పుట్టాయి. 1968లో కెనడాలో హెస్కిన్స్, గిల్లెట్ అనేవారు పాలీ ఐసోప్రొపైల్ ఎక్రిలమైడ్ అనే పాలిమరు ద్రావణాన్ని పరీక్షించారు. తేటగా ఉన్న ఆ ద్రావణం సుమారు 32 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద పాలవలె తెల్లబడింది. చల్లార్చగా మళ్ళీ తేటపడింది.

కారణమేమి? ఈ గొలుసులో నీటిని కోరే భాగాలూ, నీటిని రోసే భాగాలూ ఉన్నాయి. చల్లగా ఉన్నప్పుడు నీటి అణువులు గొలుసును అంటిపెట్టుకొని ఉంటాయి. వేడికి ఆ పట్టు సడలగానే నీటిని రోసే భాగాలు దగ్గరకు చేరి, నీటిని వెళ్ళగొడతాయి.

1986లో పెల్టన్, షిబాంటే ఈ గొలుసులను అడ్డముళ్ళతో కట్టి సూక్ష్మకణాలుగా చేశారు. మోనోమరును నీటిలో కరిగించి, నత్రజనితో ఆమ్లజనిని తరిమి, సుమారు 70 డిగ్రీల వద్ద చర్య జరుపుతారు. ఆ వేడికి గొలుసులు పుట్టగానే ఉండకడతాయి. చల్లారినప్పుడు నీరు పీల్చి ఉబ్బుతాయి. కొన్ని వందల నానోమీటర్లకు మించని ఇట్టి కణాలే నానోజెల్‌లు. నానోమీటరు అంటే మీటరులో నూరుకోట్లవ వంతు.

వీటిలో మందు నింపి, కాన్సరు కణితి వద్ద మాత్రమే విడుదల చేయాలన్నది శాస్త్రజ్ఞుల ఆశ. అది ఫలిస్తే ఆరోగ్యంగా ఉన్న కణాలకు మందు బాధ తగ్గుతుంది. కాని 32 డిగ్రీలు చాలవు. బందరు వేసవిలో ఆ కణాలు సీసాలోనే ముడుచుకుపోతాయి! అందుచేత నీటిని ఎక్కువ కోరే మరొక మోనోమరును కలిపి, ఆ మెట్టును 37 డిగ్రీలకు పైకి జరుపుతారు. అప్పుడు వెలుపలినుండి కొద్దిగా వేడిచేసిన చోటనే అవి ముడుచుకుంటాయి.

పిమ్మట పరీక్షలు. కాంతిని ప్రసరింపజేసి, అది చెదిరే తీరునుబట్టి ఒక్కొక్క ఉష్ణోగ్రత వద్ద కణాల పరిమాణం కొలుస్తారు. మిగిలిన మోనోమరు విషం కనుక, పొరసంచిలో పోసి, నీరు మారుస్తూ రోజుల తరబడి కడుగుతారు. తరువాత జీవకణాలపై ప్రయోగిస్తారు. మన అనంతపురం, కడప విశ్వవిద్యాలయాలలోనూ మందును మోసే జెల్‌లపై పరిశోధనలు జరిగాయి.

ఒక చిక్కు మాత్రం మిగిలి ఉన్నది. ఈ గొలుసు శరీరంలో సులభంగా శిథిలం కాదు. మందు విడిచిన కణం దేహంలో పేరుకొనక, హాని చేయక వెలికి పోవాలి. అది రుజువయ్యేదాకా ఎంత చక్కని జెల్ అయినా ప్రయోగశాల వస్తువే.