ధర్మనిధి: పటాన్‌చెరువు విత్తనశాల

ధర్మనిధి యనగా పరులకై నిలిపిన సొమ్ము. మూలధనమును ముట్టక, రాబడినే ఉద్దేశించిన కార్యమునకు వెచ్చింపవలయును. విద్యార్థి నిధి మూలమునుండి ‘ఈ ఒక్కయేడు’ తీసికొందమనువారిని మేమెరుగుదుము, మంచివారే! వారొకమారు పటాన్‌చెరువు వంక చూతురుగాక.

1972లో అచట వెలసిన ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మున్నగు పంటల విత్తన నమూనాలను నేడు లక్షకు పైగా కాపాడుచున్నది. 1994లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థతో ఒడంబడిక చేసికొని, వానికి యజమాని గాక ధర్మకర్తగా నిలిచినది. చలువగదుల వ్యయము ఏటేట తప్పదు, చందాలు తప్పవచ్చును. అందులకే 2004లో ప్రపంచ సస్యవైవిధ్య ట్రస్టు ఏర్పడినది. దాతల ధనము పెట్టుబడిగా నిలుచును. దాని ఆదాయము ఇట్టి విత్తనశాలల పోషణకు చేరును.

అడిగిన పరిశోధకులకు వాడుక నిలువనుండి కొన్ని గింజలు పంపుదురు. మైనస్ 20 డిగ్రీల గదిలోని మూల నిలువను పంపకమునకు ముట్టరు. వాడుక నిలువ తరిగినచో పొలమున విత్తి మరల నింపుదురు.