చేతితుపాకికి తగిన తూటా

తుపాకి యనగానే మన దృష్టి గొట్టము మీదికి పోవును. కాని వేట చరిత్రను పరిశీలించినచో, మృగమునకును మనిషికిని మధ్య తీర్పు చెప్పినది తూటాయే యని తేలును. అందులోను ఒంటిచేత పట్టుకొను పిస్తోలుతో పులిని గాని, అడవిదున్నను గాని ఎదుర్కొనదలచినవానికి ఏ తూటా తగునన్నది ప్రాణములతో ముడిపడిన ప్రశ్న.

తూటా గుండు నిర్మాణమును చిలకలపూడి వారికి విడమరచి చెప్పనక్కరలేదు. అచటి రోల్డుగోల్డు నగలో లోపల రాగి, పైన పలుచని బంగారు రేకు. ఇటీవలి గుండులో లోపల సీసము, పైన రాగి తొడుగు. నగకు పైరేకు సొంపు కొరకు. గుండుకు తొడుగు పని కొరకు. మెత్తని సీసము తాకిన వెంటనే చితికిపోయినచో గాయము వెడల్పగును గాని లోతునకు దిగదు. తొడుగు మిక్కిలి గట్టిదైనచో గుండు లోతుగ పోవును గాని గాయము సన్నమగును. కావుననే పులికి ఒక విధమైన గుండు, దళసరి చర్మమును బలిసిన ఎముకలును గల అడవిదున్నకు వేరొక విధమైన గుండు కావలసివచ్చినవి.

19వ శతాబ్దిలో ఏనుగునెక్కి పులివేటకు పోయిన ఆంగ్లేయులలో కొందరు పొట్టి జోడుగొట్టపు పిస్తోలు నొకదానిని దగ్గర నుంచుకొనెడివారు. దానిని అంబారీ పిస్తోలు అందురు. కొన్నింటి గొట్టపు వ్యాసము 0.577 అంగుళము. అది వేట సాధనము కాదు. గాయపడిన పులి ఏనుగుమీదికి లంఘించినపుడు మూరెడు దూరములో పేల్చుకొను తుది రక్షణ. తరువాత వచ్చిన 0.455 వెబ్లీ రివాల్వరు గుండు బరువు ఇంచుమించు తులమున్నర. వేగము సెకనుకు సుమారు 600 అడుగులు మాత్రమే. 1955లో అమెరికాలో రూపొందిన 0.44 మాగ్నమ్ గుండు తులము మీద మూడవవంతు. వేగము సుమారు 1,400 అడుగులు. శక్తి వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును గనుక, తేలికైన ఈ గుండే దాదాపు ఐదింతలు బలమైనది. అటుపిమ్మట పిస్తోలుతో పెద్దమృగములను వేటాడు వినోదము ఆ దేశమున పుంజుకొనెను. 2003లో అంతకంటె పెద్దదగు 0.500 తూటాయు వెలువడెను.

అయినను రైఫిలు ముందు పిస్తోలు చిన్నదే. అప్పటి చిత్తూరు జిల్లాలోని చామల లోయయందు మనుష్యులను చంపిన పులి కథను 1954లో ప్రకటించిన కెన్నెత్ ఆండర్సన్ 0.405 వించెస్టరు రైఫిలును నమ్ముకొన్నవాడు. దాని తూటా శక్తి పైన చెప్పిన మాగ్నమ్ తూటాకు మూడింతలు.

చాలని తూటా, కుదరని గురి ఏమి చేయగలవో చంపావత్ ఆడపులి చరిత్ర చెప్పుచున్నది. నేపాళములోను కుమావూనులోను కలిపి నాలుగు వందల మందికి పైగా చంపినదని చెప్పబడు ఆ పులిని 1907లో జిమ్ కార్బెట్ కూల్చెను. చూడగా దాని కుడివైపు కోరపళ్లు రెండును విరిగియున్నవి. అది పాత తుపాకి దెబ్బయనియు, దానివలననే సహజమైన ఆహారమును పట్టలేక మనిషిపై బడినదనియు కార్బెట్ వ్రాసెను.

ఇచట మనము ఆలోచింపవలసినది ఒకటి కలదు. తూటాను ఎన్నుకొన్నవాడు అంబారీలో కూర్చుండును. గాయపడిన మృగము జాడ తీయు కూలివాడు నేలమీద నడచును. మరికొన్నాళ్లకు ఆ మృగము ఎదురుపడునది కట్టెలకు పోయిన ఇల్లాలికి. ఎన్నిక ఒకరిది, ఫలము మరియొకరిది.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో పులివేట నేరమైనది. మనిషి ప్రాణమునకు ముప్పు తెచ్చిన మృగము విషయమున, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి వ్రాతపూర్వకమైన ఉత్తరువుతో ఆ చర్యకు వీలున్నది. అట్టి ఉత్తరువు పొందినవానికైనను వేట చరిత్ర నేర్పు నియమము ఒక్కటే యని మా మనవి: ఒక్క దెబ్బతో బాధను ముగింపలేనిచో మీట నొక్కరాదు.