గ్రామఫోను రికార్డులందు పాఠభేద నిర్ణయము

తాళపత్రగ్రంథములను పరిష్కరించువారు ప్రతులను పెక్కింటిని సేకరించి, యేది మాతృకయో యేది పుత్రికయో విమర్శించి నిర్ణయింతురు. యంత్రముచే నొత్తబడిన వస్తువులం దిట్టి విమర్శ యనవసరమనియు, ప్రతులన్నియు నేకరూపములే యనియు లోకమున నొక నమ్మకము కలదు. గ్రామఫోను రికార్డుల విషయమున నీ నమ్మకము నిలువదని యొక్క యుదాహరణముచే నిరూపించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

ఉదాహరణముగా గ్రహించినది బీటిల్సు అను ఆంగ్లగాయకబృందమువారి ‘రివాల్వర్’. ఇది 1966 ఆగస్టు 5వ తేదీన ఇంగ్లండునందు పార్లోఫోను పేర వెలువడెను. ఇందు 14 గీతములు కలవు; ముఖమున కేడేసి. మోనో ప్రతికి పీఎమ్‌సీ 7009 అని సంఖ్య. రెండవ ముఖమున తుది గీతము ‘టుమారో నెవర్ నోస్’. మన విచారణ మీ మోనో ప్రతిని గూర్చియే.

ముందుగా రికార్డుయొక్క వంశక్రమము నెఱుగవలెను. టేపుపై నున్న ధ్వనిని లక్కవంటి పూత గల పలకపై గాడిగా చెక్కుదురు. దానిపై లోహమును పేర్చి యొలిచినచో విలోమరూపము వచ్చును. అందుండి తీసిన యనులోమరూపమునకు తల్లి యని వ్యవహారము. తల్లినుండి మరల విలోమములైన యచ్చులను తీసి, వానితో వేడి వినైల్ ముద్ద నొత్తి రికార్డులను చేయుదురు. ఒక చెక్కుడునకు పెక్కు తల్లులును, ఒక తల్లికి పెక్కు అచ్చులును, ఒక యచ్చునకు వందలకొలది రికార్డులును కలుగును.

ఈ వంశము రికార్డుమీదనే వ్రాయబడి యుండును. గాడి ముగిసినచోటికిని నడిమి చీటికిని మధ్య నున్నని వలయ మొకటి కలదు. ఇదియే రికార్డునకు గద్య యనదగును. ఆనాటి ఈఎమ్‌ఐ వారి యాంగ్ల ప్రతులలో దిగువను చెక్కుడు సంఖ్యయు, ఎడమను తల్లి సంఖ్యయు, కుడిని అచ్చును తెలుపు అక్షరములును కానవచ్చును. ఈ యక్షరములు సంఖ్యావాచకములు. గ్రామఫోను లిమిటెడ్ అను ఆంగ్లనామమును సంక్షేపించి, జీ, ఆర్, ఏ, ఎమ్, ఓ, పీ, హెచ్, ఎల్, టీ, డీ అను పది వర్ణములను నిలిపి, మొదటి తొమ్మిదింటికి వరుసగా 1 మొదలు 9 వరకును, తుది దానికి సున్నయు విలువగా నేర్పరచిరి. జీఏ యనిన 13. ఆర్‌డీ యనిన 20. కటపయాది నెఱిగిన పండితుల కిది వింత కాదు. భేదమేమన, కటపయాదియం దొక యంకెకు పెక్కు వర్ణములు, ఇం దొక్కటియే. అందు అంకెలకు వామగతి, ఇందు ఎడమనుండి కుడికి.

చీటి కాలమును స్థూలముగా మాత్రమే తెలుపును. 1963 మొదలుకొని పార్లోఫోను చీటి నలుపుపై పసుపు అక్షరములతో నుండెను. 1969లో వెండిరంగు అక్షరములును ఈఎమ్‌ఐ పెట్టెగుర్తును వచ్చెను. కావున వెండి యక్షరముల ప్రతి 1966 నాటిది కాజాలదు. కాని పసుపు అక్షరముల ప్రతి తొలినాటిదని చెప్పుటకును వీలులేదు. అట్టయో, ఒక రికార్డునుండి మఱియొకదానికి మార్పదగినది, అది దుర్బలప్రమాణము.

ఇక ప్రధానాంశము. టుమారో నెవర్ నోస్‌కు మోనో మిశ్రణములు పెక్కు చేయబడినవి. మొదట పదునొకండవ మిశ్రణము రికార్డునకు చెక్కబడెను. 1966 జూలైలో నిర్మాత జార్జి మార్టిను మనసు మార్చుకొని యెనిమిదవదానిని గ్రహించెను. అప్పటికే తొలి చెక్కుడునుండి కొన్ని రికార్డులు తయారయ్యెను, అవియు విక్రయింపబడెను. రెండు పాఠములందును టేపుచుట్ల ధ్వనులు వచ్చిపోవు తావులును, గీతాంతమున ధ్వని క్షీణించు తీరును భిన్నములు. అట్టయు చీటియు చూచి వీనిని వేఱుపఱుప నలవి కాదు. రెండవ ముఖమున ఎక్స్‌ఈఎక్స్ 606-1 అని యున్నచో పూర్వపాఠము. తుది యంకె 2 గాని 3 గాని యైనచో పరిష్కృతపాఠము.

ఇట రెండు హెచ్చరికలు. ముఖము లొండొంటితో సంబంధము లేక చెక్కబడును గావున, మొదటి ముఖపు సంఖ్యచే రెండవదాని నూహింపరాదు. మఱియు నొకేకాలమున పెక్కు అచ్చులు పనిచేయుచుండును గావున, అచ్చుసంఖ్య చిన్నదైనంత మాత్రమున ఆ రికార్డు ముందుగా నమ్ముడుపోయె ననరాదు.

సంగ్రాహకులు పూర్వపాఠమున కధికమూల్య మిత్తురు. దాన దోషము లేదు. కాని పూర్వత్వము, దుర్లభత్వము, ప్రామాణ్యము అను మూడును వేఱువేఱు ధర్మములు. 606-1 ప్రతి పూర్వమును దుర్లభమును అగుగాక. నిర్మాత త్యజించిన పాఠమగుటచే ప్రామాణ్యము రెండవదానిదే. అయినను త్యక్తపాఠము నిరర్థకము కాదు; కర్తల యాలోచన యెట్లు మాఱినదో తెలుపు సాక్షి యదియే. 2022లో వెలువడిన రివాల్వర్ విశేషసంపుటమున నీ పాఠమును చేర్చుటయే యిందుకు నిదర్శనము.

ఈ న్యాయము మనకును వర్తించును. కలకత్తా చెంత దమ్‌దమ్ కర్మాగారమున నొత్తబడిన తెలుగు రికార్డులందును నడిమి వలయమున సంఖ్యలు కలవు. గ్రంథాలయములవారు గీతము పేరును గాయకుని పేరును వ్రాసికొని యూరకుండక, రెండు ముఖముల సంఖ్యలను గూడ నున్నవున్నట్లు పట్టికకెక్కింపవలెను. రికార్డు పగిలిన పిదప ఆ గద్యను చదువువా రెవ్వరు?