బస్కీల నేల

నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టమున 1882లో జన్మించి, విజయనగరమున పెరిగి, అచ్చటనే వ్యాయామోపాధ్యాయుడై, పిదప సర్కసు నెలకొల్పి ఱొమ్ముపై ఏనుగును భరించిన కోడి రామమూర్తినాయుడుగారి బలమునకు మూలము మన తాలింఖానాల, అనగా వ్యాయామశాలల, మట్టిలో తీసిన దండీలు, బస్కీలే యని నా నమ్మకము. అంతటి బలశాలియు కడపటి కాలమున కాలు కోల్పోయి 1942లో అస్తమించుట తలచిన గుండె కలచును.

బస్కీ యనగా మోకాళ్లు పూర్తిగా వంచి కూర్చుండి, చేతి యాసరా లేక లేచుట. ఆ క్షణమున దేహభారమును ముఖ్యముగా మోయునది తొడముందరి కండరము. మోకాటికీలు మార్చిన తొలినెలలో సగమునకు పైబడి బలము కోల్పోవునదియు నదియే; కావుననే నొప్పి తగ్గినను, కీలు మార్పించుకొన్న మామ్మ అరుగెక్కుటకు గోడ పట్టుకొనును. ఆమెకు బస్కీ తగదు. కాని ఎత్తైన కుర్చీ వేసి, చేతులాన్చనీయక, "ఇంకొక్కసారి మామ్మా" యని లేపించు మనుమడు తాలింఖానా పాఠమునే చెప్పుచున్నాడు.