ఆశ్రయపురమైన కొండ గ్రామము

పరాయి ఊరి బిడ్డ యొకడు మీ పల్లెలో ఒక ఇంట దిగిన యెడల ప్రొద్దు గ్రుంకకమునుపే ఊరంతయు ఎరుగును. వాడెవరి బిడ్డ, ఎందుకు వచ్చెను, ఎన్నాళ్లుండును అని బావి యొద్ద చెప్పుకొందురు. పల్లెలో రహస్యము దాగదు. అట్టి పల్లెలోనే వందలమంది బిడ్డలను నాలుగేండ్లు దాచిన వృత్తాంతమొకటి వినుడి.

ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమున, సుమారు 1,000 మీటర్ల ఎత్తైన పీఠభూమి మీద, లె షాంబోన్ అను గ్రామమున్నది. చలి మెండు, నేల బీద. అక్కడివారిలో అనేకులు ప్రొటెస్టంటులు. 1685లో రాజు వారి ఆరాధనను నిషేధించినప్పుడు వారి పితరులు అడవులలో కూడి ప్రార్థించిరి. దాగుట యననేమో ఆ కుటుంబములు తాతల నోట వినియుండెను.

1940 జూనులో ఫ్రాన్సు హిట్లరు సేనలకు లొంగెను. విషీ పట్టణమున ఏర్పడిన క్రొత్త ప్రభుత్వము యూదులకు విరోధముగా చట్టములు చేసెను. ఆ అక్టోబరులోనే జర్మనీ నైరుతి భాగమునుండి సుమారు 6,500 మంది యూదులను రైళ్లకెక్కించి, ఫ్రాన్సులోని గుర్స్ నిర్బంధ శిబిరమునకు తెచ్చిరి. చెక్క పాకలు, మోకాటిలోతు బురద, ఆకలి. వారిలో పసిబిడ్డలునుండిరి.

లె షాంబోన్ సంఘ కాపరియైన ఆంద్రే ట్రోక్మేగారు అట్టి శిబిరములలో సేవచేయగోరి మార్సెయిల్స్ పట్టణమునకు వెళ్లి, క్వేకరు సంఘమువారగు బర్న్స్ చాల్మర్స్ అను అమెరికా దేశస్థుని కలిసికొనెను. చాల్మర్సుగారు వేరొక మాట చెప్పెను. అధికారులను బ్రతిమాలి కొందరు బిడ్డలను విడిపింపగలము గాని, వారిని చేర్చుకొను ఊరే లేదు; మీ ఊరు చేర్చుకొనునా? ట్రోక్మేగారు ఈ సంగతి సంఘ పెద్దల యెదుట నుంచగా వారు సమ్మతించిరి.

చూచితిరా, క్వేకరులకు ధనమును పలుకుబడియు నుండెను గాని ఇండ్లు లేవు. ఊరివారికి ఇండ్లును పాలును ఉండెను గాని శిబిర ద్వారము తెరచు శక్తి లేదు. స్విట్జర్లాండు సహాయ సంస్థ 1941లో అక్కడ బాలల గృహములు తెరచి, నడపువారిని పంపెను. సిమాద్ అను ప్రొటెస్టంటు సంస్థలోని యువతీయువకులు, అపాయములోనున్నవారిని రహస్యముగా స్విట్జర్లాండు సరిహద్దు దాటించిరి. రైతులలో కొందరు బ్రదరన్ సహవాసమునకు చెందినవారు. గోదావరి ప్రాంతపు మన పాఠకులకు ఆ సహవాసము క్రొత్త కాదు. వారు అతిథిని ప్రశ్నింపకయే లోపలికి పిలిచిరి. ఆ ఊరి రహస్యము దాగినదనుట కంటె, ఎవరును ఎవరిని అడుగలేదనుట నిజము.

1942 ఆగస్టులో పోలీసులు బస్సులతో వచ్చి, దాగినవారి జాబితా ఇమ్మని ట్రోక్మేగారి నడిగిరి. ఆయన ఇయ్యలేదు. యౌవనస్థులు రాత్రివేళ పొలములలోని ఇండ్లకు వార్త మోసిరి. బిడ్డలు అడవిలో దాగిరి. పోలీసులు మరలినప్పుడు ఊరివారు అడవి అంచున ఒక పాట పాడుదురు. అదియే తిరిగి రావచ్చునను గుర్తు. దొంగ గుర్తింపు పత్రములు తయారుచేసిన ఆస్కార్ రోసోవ్‌స్కీ తానును యూద యువకుడే. వాటిని రైతు తేనెపెట్టెలలో దాచెను. పోలీసువాడు తేనెటీగలను కదిలించునా?

1943 ఫిబ్రవరిలో ట్రోక్మేగారిని, ఆయన తోటి కాపరి ఎడువార్ తైస్‌గారిని, ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయుని పట్టుకొనిపోయి, కొన్ని వారములకు విడిచిరి. వారు లేనప్పుడును పని ఆగలేదు. కాపరి భార్య మాగ్డాగారి తలుపు మూయబడలేదు.

అయినను అందరును తప్పింపబడలేదు. 1943 జూన్ 29న జర్మను పోలీసులు ఒక విద్యార్థి గృహముపైబడి 18 మందిని పట్టుకొనిరి. వారిలో ఐదుగురు యూదులని కనుగొని ఆష్విట్జ్‌కు పంపగా, అక్కడ మరణించిరి. ఆ గృహ పాలకుడు డానియేలు ట్రోక్మే, కాపరిగారి బంధువు, ఆ వేళ మరియొక గృహములోనుండెను. అడవిలోనికి పారిపోవచ్చును. ఆయన పారిపోక తన విద్యార్థుల యొద్దకు వెళ్లెను. 1944లో మైదానెక్ శిబిరమున మృతినొందెను.

రక్షింపబడినవారి పూర్తి పట్టిక యేదియు లేదు. వ్రాసిన యెడల పోలీసుల చేతికి చిక్కును. 1990లో యెరూషలేములోని యాద్ వాషెమ్ సంస్థ, ఆ గ్రామమునకును చుట్టుప్రక్కల పల్లెలకును కలిపి గౌరవ పత్రమిచ్చెను.